మల్లయ్య చూడమన్నది

మల్లయ్య ఇక లేడని మొన్న ఉదయం వాచ్‌మన్ చెప్పగానే నిశ్చేష్టుణ్ణయ్యాను. మాదాపూర్‌లో కొండరాళ్లు పగలగొట్టి అద్దాల భవనాలు లేపుతున్న ఈ రోజుల్లో, వాటి పక్కన వెలసిన మా అపార్ట్‌మెంటు మురుగునంతా చేత్తో ఎత్తిపోసిన కర్మయోగి ఆయన. ఆయన గురించి పత్రికలు రాయవు. సంఘం కార్యదర్శిగా నేనే రాయాలి.

ఆయన ఆయుధం ఒక్కటే, కొసన కొక్కెం ఉన్న పొడవాటి ఉక్కు స్ప్రింగు. దాన్ని పూడుకుపోయిన గొట్టంలోకి దూర్చి, పిడి తిప్పుతూ, గోడకు చెవి ఆనించి వినేవాడు. "తగిలింది సారు" అని వెనక్కి లాగేవాడు. జుట్టుముద్దలు, గడ్డకట్టిన నెయ్యి, పులిసిన అన్నం, పేరు పెట్టలేని నల్లటి జిగురు బయటపడేవి. నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. ఆయన మాత్రం దాన్ని పాత పేపరు మీద పరిచి, ఇంటివాళ్లు చూసేదాకా కదిలేవాడు కాదు.

"మీ ఇంట్లదే గద సారు. జర చూడుండ్రి" అనేవాడు. నేను ముక్కు మూసుకుని మెట్లెక్కేవాణ్ణి.

మా అమ్మది గోదావరి ఒడ్డు. దేవుడి పూలు ఎవరూ తొక్కకూడదు, పారే నీళ్లలోనే కలపాలి అంటుంది. ఇక్కడ ఏరు లేదు కనుక బాత్రూం తూములో వేస్తుంది. పటం మీద జారకుండా దండను సన్నటి ఇనుప తీగకు కడుతుంది. ఒకసారి ఆ దండే స్ప్రింగుకు చిక్కి వచ్చింది. బంతిపూలు కుళ్లి, వెంట్రుకలు చుట్టుకుని, పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"దేవుని పూలు మోరీల ఏస్తరా? ఎవలింట్లది సారు గిది?"

"పైవాళ్లదై ఉంటుంది మల్లయ్యా" అన్నాను.

"ఎవలదైతేంది, తీగ ఎయ్యొద్దని చెప్పుండ్రి. నా చెయ్యి కోస్తది."

చెబుతానన్నాను. అమ్మతో వాదించే ఓపిక లేక చెప్పలేదు.

పోయిన నెల గొట్టం మళ్లీ పూడింది. ఈసారి తీగ ఆయన అరచేతిని లోతుగా కోసింది. "ఫికర్ లేదు సారు" అని గుడ్డ చుట్టుకుని, పని ముగించే వెళ్లాడు. కొన్నాళ్లకు దవడలు బిగుసుకుపోయాయట. ధనుర్వాతం.

పరామర్శకు మణికొండ వెళితే ఆయన భార్య లక్ష్మమ్మ, "దవాఖానకు తీస్కపోయేసరికి నోరు తెరుస్తలేడు సారు. మీ దగ్గర చేసిందే ఆఖరు పని" అంది. అందులో నిష్ఠూరం కూడా లేదు. నా మీద నాకే రోత పుట్టింది.

అంతటి పనిమంతుడు మాకిక దొరకడు. చెయ్యి తెగిన రోజు ఆయన పరిచిన పేపరు, ఆ తీగ దండతో సహా, మెట్ల కింద ఇప్పటికీ అలాగే పడి ఉంది. దాన్ని ఎత్తాల్సింది కూడా ఆయనే అని అందరం అనుకున్నాం. ఇంటికి రాగానే దాని ముందు కూర్చున్నాను. ఈగలు ముసురుతున్నాయి. అయినా ముక్కు మూసుకోలేదు.

చూశాను మల్లయ్యా. మా ఇంటిదే.