అన్న కొన్న మిలిటరీ జీపు

ఎక్కడన్నా జీపు స్టార్టు చేసిన చప్పుడు వినబడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద మంట అంటే ఒక్కళ్ళ మీద కాదు. మా పేటను తన్నిన పోలీసుల మీద, వద్దు వద్దని మొత్తుకుంటున్నా ఆ బండి కొన్న మా అన్న మీద, ఆఖరికి ఆ దిక్కుమాలిన పచ్చ రంగు మీద కూడా. వయసు మళ్ళితే కోపాలు చల్లారతాయంటారు. నాకు చల్లారలేదు, ఏం చెయ్యమంటారు?

మాది చాట్రాయి అవతల వాగు ఒడ్డున ఉన్న చిన్న పేట. క్రైస్తవులం. చుట్టూ మామిడి తోటలే గాని ఒక్క చెట్టు కూడా మాది కాదు. కాపలా మేమే, కోత మేమే, గంపలకెత్తేది మేమే. కాయ మాత్రం తోటను గుత్తకు తీసుకున్న ఆసామిది. ఒకసారి మా మేనత్త రాలిన రసాలు కొంగులో వేసుకుందని ఆ గుత్తదారు కాయలు కోసే గెడ తీసుకుని, అందరూ చూస్తుండగా ఆమె వీపు మీద బాదాడు. గెడ విరిగిపోయింది. విరిగిన గెడకి కూడా ఆమె కూలిలోనే కోత కోశాడు, అంత నీచుడు.

మా అన్న అది చూశాడు. ఏం చెయ్యలేక పళ్ళు నూరుకున్నాడు. యుద్ధానికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి, అమ్మకి కూడా చెప్పకుండా బెజవాడ పోయి పట్టాళంలో చేరిపోయాడు. అక్కడ లారీ తోలడం నేర్పారు. ఎక్కడెక్కడి అడవుల్లోనో, బురదల్లోనో తోలాడట. యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం కూడా వచ్చింది, వీణ్ణి మాత్రం వదల్లేదు.

ఈలోగా మా నెత్తిన పిడుగు పడింది. నైజాం హద్దు మాకు దగ్గర. కమ్యూనిస్టులు తోటల్లో దాక్కుంటున్నారని, మేం అన్నం పెడుతున్నామని పోలీసులు పచ్చ జీపుల్లో వచ్చి పేట మీద పడేవాళ్ళు. కుండలు పగలగొట్టేవాళ్ళు, పక్కబట్టలు పేడలో వేసి తొక్కేవాళ్ళు. మా నాన్న తోట కాపలా కాబట్టి ఆయన్ని మామిడి చెట్టుకి కట్టేసి, "ఎవరొచ్చార్రా, చెప్పు" అంటూ లాఠీలతో చితక్కొట్టారు. నాన్న ఎవర్నీ చూడలేదు. చూడనిది ఏం చెబుతాడు? అడ్డం పడ్డ అమ్మని మొహం మీద బూటుకాలితో తన్నితే ముందు పళ్ళు రాలిపోయాయి. నాన్న ఆ వానాకాలం దాటలేదు. రక్తం కక్కుకుని పోయాడు.

ఆ తర్వాత పేట ఆడవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మా ప్రార్థన గుడి ముందు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. అదే మాకు గంట. మొదట్లో ఆదివారం ప్రార్థనకి, పెళ్ళిళ్ళకి కొట్టేవాళ్ళు. ఇక నించి మోటారు చప్పుడు వినబడ్డా కొట్టాలనుకున్నారు. గంట వినగానే మగవాళ్ళు తోటల్లోకి పరుగు తీస్తారు. ఆడవాళ్ళు ముక్కూ మూతీ కొంగుతో బిగించి కట్టుకుని పేట మొదట్లో నిలబడతారు. గుడిసె గుడిసెకీ ఒక కుండలో సున్నం, కారం కలిపిన నీళ్ళు సిద్ధంగా ఉండేవి. అందరికన్నా ముందు నిలబడేది మా అమ్మే. నేను బెజవాడలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేస్తుండేదాన్ని. సెలవుకి వెళ్ళినప్పుడు ఇదంతా నా కళ్ళతో చూశాను.

తర్వాతి వేసవిలో అన్నని పట్టాళం నించి పంపించేశారు. రైలు దిగి తిన్నగా నేను పనిచేసే చోటికే వచ్చాడు. నాన్న సంగతి చెబితే గోడకేసి తల కొట్టుకున్నాడు. నుదురు చిట్లి రక్తం కారుతుంటే నేనే కట్టు కట్టాను. ఏడుపు తగ్గాక అన్నాడు: "ఇంక మనం ఎవడికీ కాయ కొయ్యొద్దు చెల్లీ. పట్టాళంలో దాచుకున్న జీతంతో నేనొక జీపు కొంటాను. మెరకలో చిన్న చిన్న తోటలవాళ్ళ కాయ వాళ్ళ దగ్గరే ఎత్తుకుని నేనే బెజవాడ బజారుకి తోలతాను. ఎద్దుల బండి మీద అయితే దారిలోనే సగం ముగ్గిపోతాయి. జీపుకి ఆ బాధ లేదు."

"జీపా! నాన్నని చంపినవాళ్ళు దిగిన బండేరా అది!" అన్నాను.

"బండేం చేసిందే? నాకు చేతనైన పని ఇదొక్కటే. కళ్ళు, చేతులు బాగున్నన్నాళ్ళు స్టీరింగు పట్టుకుని మిమ్మల్ని పోషిస్తాను. ఇది కూడా వద్దంటే మళ్ళీ పోయి వాడి గెడ దెబ్బలు తినమంటావా?"

సెలవు అడిగి నేనూ వాడి వెంట బయల్దేరాను.

యుద్ధం అయ్యాక పట్టాళంవాళ్ళు వదిలించుకున్న బళ్ళని డిస్పోజలు బళ్ళు అనేవాళ్ళు. అవి కొని అమ్మే బేరగాడొకడు బెజవాడలో ముళ్ళకంచె వేసుకుని కూర్చున్నాడు. లోపల బళ్ళు కాదు, శవాలు. తూట్లు పడ్డవి, చక్రాలు లేనివి, సీట్లలో చెట్లు మొలిచినవి. అన్న వాటి మధ్య తిరిగి తిరిగి ఒకదాని ముందు ఆగాడు. పచ్చ రంగు, ఇంజను మూత మీద తెల్ల నక్షత్రం, ముందు అద్దం ఊడిపోయి ఉత్త చట్రం. స్టార్టు చేయించి చెవి పెట్టి విన్నాడు. ఆయిలు వేలికి రాసుకుని వాసన చూశాడు. తర్వాత వెల్లకిలా కిందికి దూరాడు.

కింద ఎంతసేపున్నాడో, బయటికొచ్చేసరికి మొహం మారిపోయింది. అడుగున విరిగిన ఇనుపకమ్మీని అతికించి, కనబడకుండా పైన రంగు పూశారట. "ఇది మనుషుల్ని చంపుతుందిరా" అంటూ బేరగాడి చొక్కా పట్టుకున్నాడు. వాడి మనిషి ఒకడు వెనక నించి ఇనుప రాడ్డు ఎత్తాడు. నేను అరిచాను. అన్న తిరిగి వాడి మూతి మీద ఒక్కటి గుద్దితే వాడు డ్రమ్ముల మధ్య పడ్డాడు. పట్టాళం ఏం నేర్పిందో అప్పుడు చూశాను. నాకు భయం వేసింది, అబద్ధమెందుకు, గర్వంగా కూడా అనిపించింది.

"కొట్టుకోవడం ఎందుకండీ, బేరం మాట్లాడుకుందాం" అన్నాడు బేరగాడు, పెదాలు తడుపుకుంటూ. ఆ కమ్మీ మళ్ళీ సరిగ్గా అతికించి ఇస్తానని ఒప్పుకుని, రేటు కూడా బాగా తెగ్గోశాడు. బ్రేకు మాత్రం రెండు మూడుసార్లు తొక్కితే గాని పట్టదు. ఇంటికెళ్ళాక తనే బాగుచేసుకుంటానన్నాడు అన్న.

"రంగు మార్పించు. నీకు దణ్ణం పెడతాను, ముందు ఈ రంగు మార్పించు" అన్నాను.

"రంగుకి దండగెందుకే ఇప్పుడు? కోతలు అయిపోతున్నాయి. సీజను అయ్యాక నీకిష్టమైన రంగు వేయిస్తా, సరేనా?"

బయల్దేరేముందు పేటవాళ్ళ గంట కట్టుబాటు సంగతంతా చెప్పి, ఒక్క మాట ఒట్టు వేయించుకున్నాను. వాగుకి ఇవతలే ఆగాలి, నేను దిగి నడిచి ముందు పేటకి వెళ్ళి చెప్పాలి, ఆ తర్వాతే వాడు బండి తేవాలి. సరే, సరే అన్నాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు. వాడికి వేరే మంచి బట్టలు లేవు పాపం.

మైలవరం దాటాం. విస్సన్నపేట దగ్గర టీ తాగాం. దారి పొడుగునా జనం మమ్మల్ని చూసి పక్కలకి తప్పుకుంటుంటే వాడు నవ్వుతున్నాడు. నేను వెనక పెట్రోలు డబ్బాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. వాగు కనబడగానే వాడి భుజం తట్టి "ఆపు, దిగుతాను" అన్నాను.

వాడు వేగం తగ్గించాడు. ఆపేవాడే. అంతలో అవతలి ఒడ్డు నించి గంట మొదలైంది. ఠంగు ఠంగున, ఎడతెరిపి లేకుండా.

అన్న మొహం వెలిగిపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత విన్నాడు ఆ గంట. వాడు ఊళ్ళో ఉన్నప్పుడు అది మోగితే ప్రార్థనో పెళ్ళో. నేను చెప్పినదంతా ఆ ఒక్క క్షణంలో వాడి బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. "వినవే! నేనొస్తున్నానని తెలిసిపోయిందే వీళ్ళకి!" అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. బండిని వాగులోకి దూకించాడు.

"అది నీకోసం కాదురా! ఆపరా!" అని అరుస్తూ వాడి వీపు మీద పిడికిళ్ళతో గుద్దాను. ఇంజను రొదలో నా గొంతు నాకే వినబడలేదు. సంబరపడుతున్నాననుకున్నాడో ఏమో, ఇంకా గట్టిగా తొక్కాడు.

ఒడ్డెక్కితే పేటే. ఎక్కగానే దుమ్ములోంచి ఒక ఆడమనిషి బండికి అడ్డంగా వచ్చి నిలబడింది. ముక్కూ మూతీ కొంగుతో బిగించి ఉన్నాయి, కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. అన్న అరుస్తూ బ్రేకు మీద లేచి నిలబడి తొక్కాడు. బండి గిర్రున పక్కకి తిరిగి ఆమెకి బెత్తెడు దూరంలో ఆగింది. ఆమె బెదరలేదు. చేతిలో కుండని అద్దం లేని ఆ చట్రంలోంచి వాడి మొహాన విసిరికొట్టింది.

"అమ్మా!" అని కేక పెట్టాడు అన్న. దెబ్బ తగిలినవాడు ఎవడైనా ఆ కేకే పెడతాడు. ఎవరూ ఆగలేదు. రాళ్ళు పడ్డాయి, రోకళ్ళు లేచాయి. చొక్కా పట్టుకుని కిందికి ఈడ్చారు. మా మేనత్త, అదే ఆ గెడ దెబ్బలు తిన్న మేనత్త, వాడి నడుం మీద రోకటితో దంచుతోంది. నేను డబ్బాల మధ్య నించి దొర్లి వాడి మీద పడ్డాను. తర్వాతి పోటు నా భుజానికి తగిలింది. ఆ చెయ్యి ఇప్పటికీ తలపైకి లేవదు.

"చంపకండే! అన్నే! మన అన్నేనే!"

రోకళ్ళు ఆగాయి. ముందు నిలబడ్డ ఆమె మొహం మీద కొంగు లాగేసింది. మా అమ్మ.

అమ్మ ఏడవలేదు. నోరు తెరుచుకుని అట్లాగే నేల మీద కూలబడింది. వాడు మొహం రెండు చేతుల్తో రుద్దుకుంటూ మట్టిలో పొర్లుతున్నాడు. సున్నం కంట్లో పడితే ఏమవుతుందో ఆసుపత్రిలో చూసినదాన్ని. "నీళ్ళు! ఒట్టి నీళ్ళు తెండి!" అని అరిచాను. ఎవరో ఆముదం తెస్తే దాన్ని ఎగరగొట్టాను. బిందెలకి బిందెలు పోశాం. రెప్పలు విడదీస్తే లోపల తెల్లగా ఉడికినట్టున్నాయి కళ్ళు.

ఎంత తొందరగా నూజివీడు చేరిస్తే అంత మంచిది. చేర్చే బండి మా ఎదురుగానే ఉంది. ఇంజను ఆడుతూనే ఉంది, పొగ కక్కుతూ, వణుకుతూ. దాన్ని తోలడం వచ్చినవాడు మా పేటలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కడే. వాడు నా ఒళ్ళో ఉన్నాడు. "నన్ను సీట్లో కూర్చోబెట్టవే, నువ్వు దారి చెబుతుంటే తోలతాను" అన్నాడు. లేవబోయి, నడుం నిలవక మళ్ళీ పడిపోయాడు.

గుత్తదారు ఎద్దుల బండి ఒకటి తోటలోంచి కాయలతో వస్తోంది. అడ్డం వెళ్ళి ఆపి గంపలన్నీ కిందికి తోసేశాను. బండివాడు "ఆసామి నన్ను చంపుతాడమ్మా" అంటే చెంప మీద ఒక్కటిచ్చాను. అన్నని గడ్డి మీద పడుకోబెట్టుకుని కదిలాం. ఎద్దుల్ని తోక మెలిపెట్టి, రక్తం కారేలా పొడిచి తోలించాను. అయినా ఎద్దులు ఎద్దులే. చాలా దూరం దాకా మా వెనక ఆ జీపు చప్పుడు వినబడుతూనే ఉంది. దాన్ని ఆపడం కూడా మా వాళ్ళెవరికీ తెలియదు. పెట్రోలు అయిపోయి అదే చచ్చిందట.

నూజివీడులో చూసి బెజవాడకి పంపారు. నేను నేల తుడిచే వార్డులోనే మా అన్నని పడుకోబెట్టారు. కాస్త ముందు తెచ్చుంటే ఒక కన్నన్నా దక్కేదమ్మా అన్నాడు డాక్టరు. దక్కలేదు. రెండూ పోయాయి.

ఆ మాట అన్నకి నేనే చెప్పాను. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. సున్నానికి ఆమె వేళ్ళు కూడా పొక్కిపోయాయి, వాటికి మందు రాయించుకోను పొమ్మంది. సాయంత్రం అన్న మెల్లగా నన్ను పిలిచాడు.

"చెల్లీ, ఒడ్డెక్కగానే బండికి అడ్డం వచ్చిందే, ముసుగు కట్టుకున్న ఆవిడ. ఆవిడకేం కాలేదు కదా? బ్రేకు ముందు పట్టలేదే. తగిలిందేమోనని ఒకటే బెంగగా ఉంది."

నేను అమ్మ వంక చూశాను. అమ్మే లేచి, వాడి చెయ్యి పట్టుకుంది.

"తగల్లేదు నాయనా" అంది.

"ఎవరమ్మా ఆవిడ?"

"నేనేరా."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. అమ్మ తన చెయ్యి లాక్కోబోయింది, అన్న వదల్లేదు. ఆ పొక్కిన వేళ్ళని ఒక్కొక్కటే తడిమి చూసుకుంటూ, "నిజంగానే తగల్లేదు కదా నీకు?" అని మళ్ళీ అడిగాడు.