మర్రిగూడ ఆడబిడ్డలం

నిన్న గాజుల అంగట్లో అమ్మాయి నా చెయ్యి నొక్కి గాజు ఎక్కిస్తుంటే, బొటనవేలి ఎముక దగ్గర చల్లటి గాజు ఒక్క క్షణం బిగుసుకుంది. ఖైరునక్క గుర్తొచ్చింది. తొంభైల మొదట్లో ఆమె తాడుకు గుచ్చిన గాజుల గుత్తి, మలారం, భుజాన వేసుకుని నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. పానగల్ దగ్గరున్న మా అత్తగారి ఊరికీ వచ్చేది. గాజులు తొడుగుతున్నంతసేపూ చెయ్యి ఆమె చేతిలోనే ఉంటుంది కాబట్టి, అడిగినదానికి జవాబు చెప్పక తప్పేది కాదు. అందుకే ఆమె అంటే నాకు మొదటినుంచీ అనుమానం.

"రేడియోల పాట అడుగుతవా పద్మా? పేరియ్యి, నేను రాయిస్త," అన్నది ఒకసారి.

"నా పేరుతోటి నీకేం పని?"

"నాకేం పనుంటది? నిన్ను పేరు పెట్టి పిలిచెటోళ్లు ఈ ఇంట్ల ఎవరున్నరో చెప్పు."

ఎవరూ లేరు. ఆ ఇంట్లో నేను కోడలిని, అంతే. పేరిచ్చాను. కొన్నాళ్లకు ఆడవాళ్ల కార్యక్రమంలో నా పేరు వినబడింది. దాని వెనకే నేనెన్నడూ చూడని మరికొందరి పేర్లు. అందరూ ఖైరునక్క గాజులు వేసుకునేవాళ్లే. రేడియోలో ఒకరి పేరు ఒకరం వింటూ, ఆమె నోట ఒకరి మంచీచెడూ ఒకరం తెలుసుకుంటూ, కలవకుండానే ఒక గుంపయ్యాం.

అందరి పేర్లకూ ఒకటే ఊరు పెట్టుకుందామన్నదీ ఆమే. "అత్తగారూరు మొగనిది. తల్లిగారూరు అన్నదమ్ములది. మనకొకటి ఉండాలె గద."

ఒక అంగడి రోజున వీలైనవాళ్లం నల్లగొండ బస్టాండులో కలిశాం. గుళ్లున్నాయని ఒకామె పానగల్ అన్నది. సిమెంటు ఫ్యాక్టరీలతో పేరొచ్చిందని ఇంకొకామె మేళ్లచెరువు అన్నది. ఎవరు ఏ ఊరు చెప్పినా, అది ఆమె సొంతూరేమోనని మిగతావాళ్లం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. చివరికి ఖైరునక్క మర్రిగూడ అన్నది.

"గా ఊరా? ఆ ఫ్లోరైడు నీళ్లు తాగితే ఎముకలు వంకరపోతయి. పిల్లనిచ్చెటందుకే భయపడతరు," అన్నాను.

"అందుకే. ఎవ్వలకు ఆశ లేని ఊరు. ఈడ మర్రిగూడల పుట్టినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

లేరని అందరం తలలూపాం, ఆమెతో సహా.

"అయితే అందరికి సమానం."

జవాబు మరీ నున్నగా ఉంది. ఏదో దాస్తోందనుకున్నాను. ఇక రేడియోలో "మర్రిగూడ నుంచి పద్మ, యాదమ్మ" అని రావడం మొదలైంది. "నీది మర్రిగూడ ఎప్పుడయింది?" అని మా అత్త రేడియో బ్యాటరీలు తీసి పెట్టెలో దాచింది.

ఒకనాడు ఖైరునక్క మలారం లేకుండా వచ్చింది.

"యాదమ్మను ఇంట్లకెల్లి ఎల్లగొడుతున్నరు. రేపు పంచాయతి. తల్లిదండ్రి లేరు, అడిగెటోళ్లు లేరని ధైర్యం వాళ్లకు. వస్తవా?"

"నేనామెను చూడనన్న లేదక్కా."

"పేరు ఇన్నవు గద."

నన్ను దేంట్లోనో ఇరికిస్తోందనుకుంటూనే తెల్లారి ఆమెతోనూ గుంపులో మరికొందరితోనూ బస్సెక్కాను. మేం చేరేసరికి అక్కడి పెద్దమనిషి అంటున్నాడు: "తల్లిగారి దిక్కు ఎవ్వరు లేకపాయె. ఎవలతోని మాట్లాడాలె?"

"మాతోని మాట్లాడున్రి. మాది మర్రిగూడ. యాదమ్మ మా ఆడబిడ్డ."

ఆ మాటలన్నది నేనే.

"ఇన్నేండ్లు ఏడున్నరు?" అన్నాడు యాదమ్మ భర్త, మమ్మల్ని ఎగాదిగా చూస్తూ.

"రేడియోల మా పేర్లు ఇనలేదా?" అన్నది ఖైరునక్క.

అతని తల్లి తల దించుకుని, "ఇన్న," అన్నది. అడిగేవాళ్లున్నారని తెలిశాక మాట తీరే మారిపోయింది. యాదమ్మ ఇల్లు యాదమ్మకు దక్కింది. మాలో ఎవరు ఎవరో తెలియక ఆమె ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని పేరు అడిగి ఏడ్చింది.

తిరిగొస్తూ, "గిందుకేనా ఊరు పెట్టించినవు?" అని అడిగాను.

"బస్సొస్తాంది, ఎక్కు," అన్నది ఖైరునక్క.

కొన్నేళ్ల తర్వాత ఆమె చనిపోయిందని తెలిసి మేం కొందరం వెళ్లాం. ఆమె కోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది. "మీద కప్పె కఫన్ బట్ట తల్లిగారోళ్లు తేవాలె. మా అత్తది మర్రిగూడనట. ఆ దిక్కుకెల్లి ఎవ్వరు ఎన్నడు రాలే. జర చూస్తున్నం."

"మేమొచ్చినం," అన్నాను. బజారుకు వెళ్లి బట్ట తెచ్చాం.

ఆమె ఆనాడు బస్టాండులో మాకు అబద్ధం చెప్పిందో, జీవితమంతా ఇంట్లోవాళ్లకు చెప్పిందో నాకు ఇప్పటికీ తేలలేదు. మర్రిగూడ వెళ్లి అడిగితే తేలుతుందేమో. నేను వెళ్లలేదు. అనుమానించే గుణం నన్ను వదల్లేదు. కానీ దిక్కులేని ఆడమనిషి సంగతి చెవిన పడితే ముందు వెళ్లి పక్కన నిలబడతాను. ఆరా తీయడం ఆ తర్వాతే.