మావారు చెక్కిన మాగ్నమ్

పోయిన ఆదివారం మనవరాలు నన్ను పాతసామాన్ల సంతకు తీసుకువెళ్ళింది. కౌలాలంపూర్‌లో ఒక పెద్ద అంగళ్ళ భవనం కింది అంతస్తులో వారం వారం జరిగే సంత అది. గ్రామఫోను రికార్డులు, ఎవరింటివో పెళ్ళి ఫోటోలు, మనం ఒకప్పుడు రోజూ వాడి అటక మీద పారేసిన ఎనామిల్ టిఫిన్ క్యారియర్లు, అన్నీ అక్కడ ముస్తాబై కూర్చుని ఉంటాయి. ఒక బల్ల మీద మూత తెరిచిన చెక్కపెట్టె ఒకటి కనిపించింది. లోపల చివికిన ఎర్ర మఖమల్ గుడ్డ, దాని నడుమ ఏదో పొడుగాటి వస్తువు పడుకోవడానికి తొలిచిన పల్లం. వస్తువు మాత్రం లేదు. ఫ్లూట్ పెట్టుకునే బాక్స్ అని ఇంగ్లీషులో అంది మనవరాలు. అమ్మే చీనా అబ్బాయి కూడా ఏదో వాయిద్యానిదే అన్నాడు. నేను ఆ పల్లంలో వేలు నడిపి, ఇది పిడి, ఇది తూటాలు కూర్చే చక్రం, ఇది గొట్టం అని లోలోపలే అనుకున్నాను. అది మావారు చేసింది కాదు. మూలలకు మేకులున్నాయి, ఆయన పెట్టెలు మేకు ఎరగవు. అయినా ఆ రోజంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను.

నేను పెళ్ళై వెళ్ళింది ఏటి పక్కనున్న హుటాన్ మెలింటాంగ్ అనే ఊరికి కాస్త ఎగువన ఉన్న ఒక కొబ్బరి ఎస్టేటుకు. మావారు అక్కడ వడ్రంగి. బళ్ళకు ఇరుసులు, పడవలకు తెడ్లు, లయన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, విరిగిన తలుపులు, దొర బంగళాలో కుర్చీలు, అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. అప్పుడు ఇక్కడ తెల్లవాళ్ళ సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన కాలం. నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, చిన్నవాళ్ళు ఎవరైనా చదివితే వాళ్ళకోసం చెబుతున్నాను: అడవిలో ఉండి సర్కారు మీద యుద్ధం చేసేవాళ్ళను మేము పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు, లోపలివాళ్ళు అనేవాళ్ళం. వాళ్ళకు అందుతుందేమోనని మా బియ్యానికి కొలత, గేటు దగ్గర మా మూటలకు సోదా, పొద్దుగూకితే ఇంట్లోంచి కదలకూడదని ఆజ్ఞ. తుపాకీ మాట అటుంచి, లైసెన్సు లేని తూటా ఒక్కటి దొరికినా ఉరే అని చెప్పుకునేవాళ్ళు. మా అత్తగారు పెరట్లో ఇనపముక్క కనిపించినా కాలితో తోసి దూరంగా నెట్టేసేది.

అలాంటి రోజుల్లో మా దొరకు పట్టిన పిచ్చి, పొడుగు గొట్టాల పాత రివాల్వర్లు పోగుచేయడం. చుట్టూ ముళ్ళకంచె, గుమ్మంలో కాపలా, నడుముకు ఎప్పుడూ ఒక చిన్న పిస్తోలు. అది ప్రాణం కాపాడుకోవడానికి. ఇవి వేరు. ఇవి చూసుకోవడానికి. ఎస్టేటు వదిలి సీమకు పోయే దొరల దగ్గర ఒకటి, పెనాంగులో ఎవరో ముసలి ఓడ కప్తాను దగ్గర ఒకటి, అలా తెచ్చి, లైసెన్సులు రాయించుకుని, బీరువాలో దాచుకునేవాడు. వాటిలో ఆయనకు ప్రాణప్రదమైనవి రెండు మాగ్నమ్‌లు. మామూలు రివాల్వరు కన్నా దెబ్బ గట్టిదట, గొట్టం జానెడుకు మించి ఉండేది. వాటికి తేమ తగలకుండా ఒక్కొక్కదానికి ఒక్కొక్క పెట్టె కావాలని మావారిని పిలిపించాడు.

అక్కడే మొదలైంది మా కథ. పెట్టెలో పల్లం తుపాకీకి అతికినట్టు కుదరాలంటే మాటిమాటికీ దాన్ని అందులో పెట్టి చూడాలి. అసలు తుపాకీ బంగళా దాటి రాకూడదు. అందుకని మావారు బంగళా వసారాలో కూర్చుని కొలతలు తీసుకుని, ఇంటికొచ్చి, జెలుటోంగ్ అనే మెత్తటి తెల్లచెక్కతో అచ్చం అలాంటి తుపాకీ చెక్కేవారు. ఆ చెక్కతుపాకీని బట్టి పల్లం తొలిచేవారు. పల్లానికి మఖమల్ గుడ్డ అంటించేపని నాది. వెన్నెల రంగు గంజిలో వేళ్ళు ముంచి, ఆ వంపుల్లోకి గుడ్డను ముడతపడకుండా నొక్కుతుంటే, కొత్తకాపురం రోజులేమో, పక్కన ఆయన ఉలి చప్పుడు వింటూ నాకు లోకం బాగానే ఉందనిపించేది. పెట్టె అయిపోగానే చెక్కది కాల్చేయమన్నాడు దొర. మొదటిది ఆయన కాల్చారు కూడా. రెండోది కాల్చలేకపోయారు.

ఆ తరవాతవి ఏవీ కాల్చలేదు. కొబ్బరిచిప్పల మసి నూనెలో కలిపి గొట్టానికి పట్టించి, పిడికి ఎర్రమైనం రుద్ది, పనిపాకలో గోడకు వరసగా వేలాడదీశారు. దొర బీరువాలో ఒకటి పెరిగితే మా గోడ మీదా ఒకటి పెరిగేది. చివర పెద్ద మాగ్నమ్ చెక్కినప్పుడైతే భోజనానికి పిలిచినా పలికేవారు కారు. చక్రం నిజంగానే తిరిగేది. గుమ్మంలోంచి చూస్తే నాకే నిజమైనదనిపించేది. తీసేయమని ఎన్నిసార్లు బతిమాలానో. "ఏటే నీ బయం? సెక్కే కదేటి" అని నవ్వేవారు. ఒకసారి దొరే అటుగా వచ్చి పాకలోకి తొంగిచూసి, గోడ చూసి, కాల్చమన్న సంగతి మరిచిపోయి పకపకా నవ్వాడు. మాగ్నమ్‌ను చేతిలోకి తీసుకుని గురిపెట్టి చూశాడు. మా అత్తగారు ఇచ్చిన కొబ్బరిబొండాం తాగి వెళ్ళిపోయాడు. దొరే నవ్వాక ఇంక నా మాట ఎవరు వింటారు?

ఆ ఏడు దసరాకు మా అత్తగారు పనిముట్లన్నీ కడిగి వరసగా పేర్చి, వాటి పక్కనే చెక్కతుపాకులు కూడా పెట్టి, ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టింది. విశాఖపట్నం వైపు ఏదో పల్లెలో పుట్టి, ఒళ్ళో పిల్లగా ఓడెక్కి వచ్చిన మనిషి ఆమె. కొడుకు చేతిలోంచి వచ్చింది ఏదైనా ఆమెకు దేవుడిచ్చినదే. పులిహోర పెట్టించుకుందుకు లయన్లలో సగంమంది వచ్చారు. ఎస్టేటు లారీ నడిపి, తాగుడు వల్ల పని పోగొట్టుకున్న ఒకతను కూడా వచ్చాడు. అందరూ చూసి ఆశ్చర్యపోయి వెళితే అతను మాత్రం మాగ్నమ్ ముందే చాలాసేపు నిలబడ్డాడు. నాకు అప్పుడే బావుండలేదు. కొన్నాళ్ళకు పొద్దున్నే పాక ఊడవబోతే గోడ మీద మాగ్నమ్ వేలాడే చోటు బోసిగా ఉంది.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. నేను అప్పుడు నాలుగోనెల కడుపుతో ఉన్నాను. కుక్క మొరిగితే లేచేదాన్ని, జీపు చప్పుడైతే పొయ్యి వదిలి గుమ్మంలోకి వచ్చేదాన్ని. మావారు పైకి మామూలుగానే పనికి వెళ్ళేవారు గాని, అన్నం ముందు కూర్చుని వేళ్ళతో పీటను తడుముతూ ఉండిపోయేవారు. వారం తిరక్కుండానే వార్త వచ్చింది. హుటాన్ మెలింటాంగ్ దారిలో సామాను కొట్టు ఆసామిని ఎవరో ఆపి, పొడుగాటి రివాల్వరు చూపించి దోచుకున్నారట. అంత పొడుగు రివాల్వరు ఆ చుట్టుపక్కల ఒక్క దొర దగ్గరే ఉంది. పోలీసులు తిన్నగా బంగళాకు వచ్చారు. బీరువా తెరిపించి చూస్తే అన్నీ పెట్టెల్లో పదిలంగా ఉన్నాయి.

ఆ కబురు తెలియగానే నేను మిగిలినవన్నీ ఏట్లో పారేయమని మావారి కాళ్ళు పట్టుకున్నాను. ఆయన గోనెసంచి తెచ్చి ఒక్కొక్కటీ అందులో వేస్తుంటే ఏటికే వెళతారనుకున్నాను. సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి అన్నారు: "ఏట్లో ఏసేత్తే ఆడు సేసిన పని నా మెడకి సుట్టుకుంతాది. సూపెత్తే సెక్కని తెలుత్తాది. దాసినోడినైపోతే మరి నానేటి సెప్పినా ఎవుడింతాడు?"

బంగళాకే వెళ్ళారు. పోలీసులు ఇంకా అక్కడే ఉన్నారు. సంచి విప్పి బల్ల మీద వరసగా పేర్చి, చేసింది నేనే, వీటిలో ఒకటి పోయింది, అని చెప్పారట. మలాయ్ ఇన్‌స్పెక్టరు ఒకదాన్ని చేత్తో తూచి చూసి, బాగా చేశావు, అన్నాడట. ఆ మాట అంటూనే బేడీలు వేయించాడు. లోపలివాళ్ళకోసం చేస్తున్నావని అనుమానం. దొర ఆ గదిలోనే ఉన్నాడు. ఆ చెక్కవాటిని కాల్చేయమని తాను చెప్పానన్నాడు. అంతకు మించి నోరు విప్పలేదు. తన లైసెన్సులు పోతాయని భయపడ్డాడని తరవాత వంటమనిషి చెప్పాడు.

మావారిని జిల్లా స్టేషనుకు తీసుకుపోయారు. మమ్మల్ని చూడనివ్వలేదు. లయన్లలో మాతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. తప్పు వాళ్ళదని అనను, ఎవరి మెడ వాళ్ళకు తీపి. మా అత్తగారు ఏడవలేదు. కొన్నాళ్ళు ఇల్లంతా తిరిగింది, గోడ చూసింది, ఒక పొద్దున తలంటుకుని, ఉతికిన చీర కట్టి, నన్ను వెంటబెట్టుకుని బంగళాకు నడిచింది. కాపలావాళ్ళు ఆపితే మెట్ల మీద కూర్చుంది. ఎండ ఎక్కింది. నాకు కళ్ళు తిరుగుతుంటే కొంగు తడిపి నెత్తిన వేసింది గాని లేవలేదు. చివరికి దొరే బయటికి వచ్చాడు. ఆయనకు తమిళం బాగా వచ్చు, తెలుగూ అర్థమవుతుంది. ఏం కావాలని అడిగాడు.

ఆమె కూర్చున్నచోటు నుంచే చెప్పింది. "కాల్సమన్నావు, అది నిజమే దొరా. కాల్సనేదని నువ్వూ సూసినావు. మా పాకలోకొచ్చి సూసినావు. సేతిలోకి తీసుకుని నవ్వినావు. నానిచ్చిన బొండాం తాగినావు. ఆ మాట ఆలకి సెప్పు. నాకింకేటీ ఒద్దు."

దొర ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్ళిపోయాడు. మేము ఇంటికి నడుస్తుంటే వెనకనుంచి ఆయన కారు మమ్మల్ని దాటుకుని పట్నం దారి పట్టింది. తానే చెక్కించానని, గోడకు వేలాడుతుంటే చూసి మెచ్చుకున్నానని వాంగ్మూలం ఇచ్చాడట. ఆయన మీద నాకు కోపమూ పోలేదు, ఆ రోజుకు కృతజ్ఞతా పోలేదు. రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.

మావారు ఇంటికి వచ్చారు. చిక్కిపోయారు. లారీ అతను ఆ తరవాత దొరికాడు. దోచుకున్నది తాగేసి, ఆ తుపాకీని నిజమైనదని చెప్పి ఒక చేపలపడవ యజమానికి అమ్మబోతే, అతను చేపలు కోసే కత్తితో గొట్టం గీకి చూశాడట. మసి కింద తెల్లచెక్క బయటపడింది. ఏటి ఒడ్డున అందరూ నవ్వారట గాని మాకు నవ్వు రాలేదు. పోలీసులు చెక్కతుపాకులు ఒక్కటీ తిరిగి ఇవ్వలేదు. పొయ్యిలో పెట్టారని విన్నాను.

మెర్డేకా, అదే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. జెండా ఎగరేసిన రోజు మైదానంలో చంటిపిల్లను ఎత్తుకుని నిలబడ్డాను. అందరూ కేకలు వేస్తుంటే మావారు మాత్రం జనంలోంచి అటూ ఇటూ కదులుతూ, ఎవరో పిలుస్తున్నట్టు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. ఆ అలవాటు ఆయనను చివరిదాకా వదల్లేదు. దొర సీమకు ప్రయాణమయ్యాడు. తన పెట్టెలన్నీ పెద్ద పెట్టెలో సర్దడానికి మావారినే పిలిచాడు. వెళ్ళవద్దంది అత్తగారు. వెళ్ళారు. మూత బిగించే ముందు దొర అసలు మాగ్నమ్ తీసి, మొదటిసారి, మావారి చేతిలో పెట్టాడట. అంతకుముందు కొలతలు తీసినప్పుడల్లా దొరే పట్టుకునేవాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ, అడగకుండానే నాతో అన్నారు: "పిడి నా దాందే బాగుందే."

తరవాత మేము కౌలాలంపూర్ వచ్చేశాం. ఆయన కుర్చీలు, బల్లలు, మంచాలు ఎన్నో చేశారు, ఇద్దరు పిల్లలను చదివించారు. బొమ్మ మాత్రం మళ్ళీ ఒక్కటి చెక్కలేదు. పిల్లలు గుర్రబ్బొమ్మ అడిగితే బజారులో కొని తెచ్చేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. మొన్నామధ్య కొడుకు అటువైపు పని మీద వెళుతూ నన్నూ తీసుకువెళ్ళాడు. కొబ్బరితోపు లేదు, ఆయిల్‌పామ్ ఉంది. లయన్లు లేవు, పాక లేదు, గేటు లేదు, మూట విప్పమని అడిగేవాడూ లేడు. అక్కడ పనిచేస్తున్న బంగ్లాదేశ్ కుర్రాళ్ళు నన్ను చూసి మర్యాదగా కుర్చీ వేశారు. నా మనవలు నా మాట అర్థం చేసుకుంటారు, జవాబు మాత్రం ఇంగ్లీషులోనో మలాయ్‌లోనో ఇస్తారు. అత్తగారి 'ఏటి', 'నాను', 'సేసినాను' అనే మాటలు ఇంక నా చెవుల్లోనే ఉన్నాయి.

ఆ రోజుల్లో నేను దేవుణ్ణి కోరింది ఒక్కటే, ఆ గోడ ఖాళీ అయిపోతే చాలు, నాకు నిద్ర పడుతుందని. ఖాళీ అయింది. గోడ కూడా పోయింది. నిద్ర మాత్రం, ఎందుకో, ఇప్పటికీ సరిగ్గా పట్టదు.