మైఫూల్ రోడ్డుకు అడ్డం కూర్చుంది

మైఫూల్‌ను బోర్హానుద్దీన్ అనే ఊరి వైపు ఇచ్చింది అక్కడ ఏరు కనబడదనే. ఆమె తండ్రి తోరాబ్, దౌలత్‌ఖాన్ అనే ఊళ్లో ఏటి ఒడ్డున పుట్టి, మేఘన నది మీద పడవ నడుపుకుని బతికినవాడు. ఆ మేఘనే అతని ఇంటిని ఒకటికి మూడుసార్లు మింగేసింది. ఒడ్డు కోత మొదలైన ప్రతిసారీ రేకులూ వాసాలూ నెత్తిన పెట్టుకుని వెనక్కి జరగడం, ఎవరి చేలోనో ఓ మూల గుడిసె వేసుకోవడం. సంబంధం చూడటానికి వెళ్లిన రోజు పెళ్లికొడుకు ఏం చేస్తాడని కూడా అడగలేదాయన. ఇంటి వెనక పోకతోట చివరిదాకా నడిచి, కాసేపు చెవులు రిక్కించి నిలబడి, తిరిగొచ్చి అన్నాడు: "నీళ్ల చప్పుడు వినబళ్లేదు. నాకిది చాలు."

ఏరు రాలేదు గాని, మైఫూల్ కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే ఆ ఊళ్లోకి గ్యాస్ తవ్వేవాళ్లు వచ్చారు. ఆమె మొగుడు మొతాలేబ్ వాళ్ల పోకతోటలో సగం పైగా కంచె లోపలికి పోయింది. పరిహారమని ఇచ్చింది అన్నదమ్ములు పంచుకుంటే తలా కాస్తా వచ్చింది. కంచె అవతల ఇనుప గొట్టం చివర మంట లేచిన రోజున ఊరు ఊరంతా పండక్కి వచ్చినట్టు వచ్చి చూసింది. ఒక పెద్ద అధికారి కుర్చీ ఎక్కి, భోలా దీవి జనం కాళ్ల కింద బంగారం ఉందన్నాడు. వార్డు మేంబరు సికందర్ ఆయన చేతిలోంచి మైకు అందుకుని ఇంకొంచెం విప్పి చెప్పాడు.

"ఎరువుల ఫ్యాక్టరీ వస్తది. గాజు ఫ్యాక్టరీ వస్తది. మన కుర్రాళ్లు ఇంక ఢాకా లాంచీ ఎక్కే పనే లేదు. మన ఆడాళ్లు పేడ చేత్తో ముట్టే పనే లేదు. పొయ్యి దగ్గర ఇట్టా తిప్పితే అట్టా మంట!"

జనపకట్టెలకు పేడ పట్టించి ఎండబెడితే అవే అక్కడి ఇళ్లల్లో వంటచెరుకు. వానాకాలంలో అవి చెమ్మ పట్టి పొగ తప్ప మంట ఇవ్వవు. అందుకే ఆ మాట విని ఆడవాళ్లంతా నవ్వారు. మైఫూల్ అందరికన్నా ఎక్కువ నవ్వింది. అప్పటికి ఆమెకు ఇరవై నిండలేదు.

బజారు దాటాక ఓ పొలంలో పారిశ్రామికవాడకు కేటాయించిన స్థలం అని బోర్డు పెట్టారు. మొతాలేబ్ ఆ బోర్డును నమ్మాడు. ఈడువాళ్లంతా ఒక్కొక్కరే ఊరు విడిచి పోతుంటే, తను మాత్రం వ్యాను రిక్షా తొక్కుకుంటూ ఉండిపోయాడు. "ఫ్యాక్టరీ ఇంటి ముందుకే వస్తుంటే మధ్యలో ఊరొదిలి పోవడం ఎందుకు?" అనేవాడు. కూతురు ఝర్నా పుట్టింది, నడిచింది, బడికి వెళ్లింది. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. మేకలు దాని స్తంభానికి వీపు రుద్దుకుంటూ ఉండేవి.

ఒకసారి బడి ఆవరణలో సభ పెట్టారు. రాజధాని నుంచి గ్యాస్ శాఖ అధికారులు వచ్చారు. ఇళ్లకు గ్యాస్ ఇవ్వడం దండగ అని ప్రభుత్వం తేల్చేసిందనీ, ఇక మీదట ఇళ్లకు కనెక్షన్లు లేవనీ, పరిశ్రమలకే మొదటి హక్కనీ చెప్పారు. సరే, మరి పరిశ్రమలేవీ అని ఎవరో అరిచారు. పట్నం నుంచి వచ్చిన ఒక షావుకారు లేచి, గ్యాస్ కనెక్షన్ ఖాయమైతే రేపే పునాది తీస్తానన్నాడు. అధికారి తల అడ్డంగా ఊపాడు. ముందు ఫ్యాక్టరీ కట్టి చూపిస్తేనే కనెక్షన్ దరఖాస్తు పరిశీలిస్తారట, అదే నియమమట.

ఆడవాళ్ల వరసలోంచి మైఫూల్ లేచింది. "అయితే సారూ, గ్యాస్ వస్తేగాని ఫ్యాక్టరీ రాదు, ఫ్యాక్టరీ వస్తేగాని గ్యాస్ రాదు. ముందు ఎవరు కదలాలో మీరే చెప్పి పొండి."

జనం గొల్లుమన్నారు. అధికారి కూడా నవ్వాడు. నవ్వి, "అమ్మ బాగా మాట్లాడుతోంది" అని పక్కాయనతో అని, టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ వారమే మొతాలేబ్ లాంచీ ఎక్కాడు.

ఢాకా పక్కన గాజీపూర్‌లో పింగాణీ పలకలు చేసే ఫ్యాక్టరీలో అతనికి కొలిమి దగ్గర పని దొరికింది. ఈద్‌కు వచ్చి వెళ్లేవాడు. వచ్చినప్పుడు ఒళ్లంతా తెల్లటి మట్టి వాసన. పోనుపోను అతను ఫోన్లో చెప్పే కబుర్లన్నీ గ్యాస్ గురించే అయ్యాయి. అక్కడ గొట్టాల్లో గ్యాస్ సరిగ్గా రావట్లేదు. కొలిమి సగం వేడెక్కి చల్లారిపోతే లోపలున్న సరుకంతా పగుళ్లిచ్చి పోతోంది. పని లేని రోజుకి కూలీ లేదు. గదిలో ఆరుగురూ మరమరాలు నమిలి పడుకుంటున్నారు.

"ఇక్కడేమో కంచె లోపల రాత్రింబవళ్లూ బుస్సుమని శబ్దం. మీకక్కడ లేదా?" అనేది మైఫూల్.

"మన దీవికీ ఇక్కడికీ మధ్య ఏరు లేదా పిచ్చిదానా? గొట్టం వెయ్యాలంటే ఎన్నేళ్లు పడుతుందో."

గొట్టం వెయ్యలేదు. ప్రభుత్వం ఇంకో దారి చూసింది. భోలా గ్యాస్‌ను ఒత్తిడి పెట్టి సిలిండర్లలో నింపి, లారీల మీద ఎక్కించి, ఇలిశా రేవులో ఫెర్రీ దాటించి, రాజధాని చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలకు ఇవ్వొచ్చని ఒక ప్రైవేటు కంపెనీకి అనుమతి ఇచ్చింది. కంచె పక్కనే ఇంకో కంచె లేచింది. పసుపు సిలిండర్లు గుట్టలుగా పేర్చిన లారీలు మైఫూల్ ఇంటి ముందునుంచే వెళ్లడం మొదలెట్టాయి. అవి వెళ్తుంటే రేకుల గోడ గజగజమనేది.

కొన్నాళ్లకు మొతాలేబ్ ఫోన్ చేశాడు. గొంతులో ఎన్నేళ్లుగానో లేని ఉషారు.

"ఝర్నా వాళ్లమ్మా! మనూరి గ్యాస్ మా ఫ్యాక్టరీకే వచ్చిందే! సూపర్వైజరుతో చెప్పాను, ఇది మా పోకతోట కింద గ్యాసు సార్ అని. అందరూ నన్నిప్పుడు గ్యాస్ జమీందారు అంటున్నారు."

"జమీందారు గారికి పని రోజూ ఉంటోందా?"

"ఉంటోంది, ఉంటోంది."

ఆమె ఫోన్ పెట్టేసి పొయ్యి ఊదుకోవడానికి వెళ్లింది. మొగుడికి పని దొరికిందన్న సంతోషం ఉంది. అయినా తను బూ, అంటే అక్కా, అని పిలిచే పక్కింటి కుల్సుమ్‌తో అన్నది: "మా ఆయన కూలికి అంత దూరం పోయాడా, ఇప్పుడు మా గ్యాస్ కూడా ఆయన వెనకే పోతోంది. నేనూ ఈ పేడకట్టెలూ మిగిలాం."

ఆ వానాకాలంలో కుల్సుమ్ కోడలికి నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగితే, బరిసాల్ ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. రోడ్డు మీద ఇరుకు వంతెన దగ్గర గ్యాస్ లారీ ఒకటి మట్టిలో దిగబడి ఉంది. దాని వెనక ఇంకొన్ని వరసగా ఆగి ఉన్నాయి. ఇంజను ఆటోలో అమ్మాయి ఆ లారీల మధ్యే ఉండిపోయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. అందులో లారీ వాళ్ల తప్పు ఎంతో, రోడ్డు తప్పు ఎంతో, ఊళ్లో ఆసుపత్రి లేకపోవడం తప్పు ఎంతో ఎవరూ లెక్కతేల్చలేరు. కానీ కళ్లకు కనిపించేది లారీ ఒక్కటే.

సికందర్ మేంబరు ఆ కోపాన్ని ఇట్టే పట్టుకున్నాడు. తలకు గుడ్డ చుట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "మనూరికి గ్యాసూ ఫ్యాక్టరీ ఆసుపత్రీ ఇచ్చేదాకా ఒక్క లారీ కదలకూడదు. మగాళ్లు కూర్చుంటే పోలీసులు చితకబాదుతారు. ఆడాళ్లు కూర్చోండమ్మా, వెనక మేముంటాం."

"వెనకంటే ఎంత వెనక మేంబరు సాహెబ్? బజార్లో టీ కొట్టు దగ్గరా?" అంది మైఫూల్. అయినా చాప చంకన పెట్టుకుని మొదట వెళ్లి కూర్చుంది ఆమే. ఆమె పక్కన కుల్సుమ్. వాళ్లని చూసి మిగతావాళ్లు.

లారీలు వంతెన దాకా ఆగిపోయాయి. మొదటి రోజు డ్రైవర్లు హారన్లు కొట్టారు. రెండో రోజుకు వాళ్లూ చెట్ల కింద పేకాట వేసుకున్నారు. ఆడవాళ్లు రోడ్డు మీదే కిచిడీ వండారు. టీవీ కుర్రాడొకడు వచ్చి మైఫూల్ మూతి దగ్గర మైకు పెట్టాడు. ఆమె పమిట నుదుటి మీదికి లాక్కుని, ముందు తటపటాయించి, తర్వాత ఆగలేదు.

"మా తోట కింద గ్యాసు. మా పొయ్యిలో పేడ. మా మగాళ్లు పనికోసం ఏరు దాటిపోతే, వెనకాలే మా గ్యాసూ దాటిపోతోంది. మాకు మిగిలింది ఈ రోడ్డొకటే. అందుకే దీని మీద కూర్చున్నాం. మా మీంచి ఎక్కించుకుని పొమ్మనండి లారీ!"

ఆ మాటలు ఆ సాయంత్రానికి దేశంలో ఫోన్ ఉన్నవాళ్లందరి చేతుల్లోకీ వెళ్లాయి. ఝర్నా తల్లికి చూపించి ఎగిరి గంతేసింది. మైఫూల్ తన మొహం తను చూసుకుని, "పళ్లు ఇంత ఎత్తుగా ఉంటాయా నాకు?" అంది. ఆ రాత్రి కుల్సుమ్ కోడలు కూడా, చాలా రోజుల తర్వాత, రోడ్డు మీదికి వచ్చి వాళ్ల మధ్య కూర్చుని కిచిడీ తింది. మైఫూల్ తన జీవితంలో బాగా గుర్తుంచుకున్న రోజుల్లో అదొకటి.

మర్నాడు మొతాలేబ్ ఫోన్ చేశాడు.

"నిన్ను చూశాను" అన్నాడు.

"ఎలా మాట్లాడాను?"

"కొలిమి ఆగిపోయింది. గ్యాస్ రాలేదుగా. లోపల సరుకంతా పోయింది. మా లైను మొత్తాన్ని ఇంటికి పొమ్మన్నారు."

మైఫూల్ చాప మీంచి లేచి పక్కకు వెళ్లింది. "మీ ఒక్క ఫ్యాక్టరీకేనా ఇవి వెళ్లేది? నాకేం తెలుసు..."

"సూపర్వైజరు ఫోన్ తెచ్చి నాకు చూపించాడు. ఏయ్ జమీందారూ, మీ ఊరు ఇదేగా, ఈవిడెవరు, అన్నాడు. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్పమంటావ్? పని పోయి అంతా మండిపడుతున్నారు. మా వైపు మనిషే అనుకుంటా, ఎవరో నాకు తెలీదన్నాను."

ఆమె ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది. లారీ డ్రైవరొకడు పేక ముక్కలు కలుపుతున్నాడు.

"చెప్పి ఉంటే ఏమయ్యేది?" అంది చివరికి.

"పని అప్పుడే పోయేది."

"చెప్పకపోయినా పోయిందిగా ఝర్నా వాళ్ల నాన్నా."

అతను ఫోన్ పెట్టేశాడు. ఆమె వచ్చి మళ్లీ చాప మీద కూర్చుంది. ఎవరు ఫోన్ అంటే ఎవరూ కాదంది. ఇంకో రోజంతా కూర్చుంది గాని, నినాదాలకు గొంతు కలపలేదు. కూర్చుంటే మొగుడి నోటి కూడు పోతుంది. లేస్తే పక్కన కుల్సుమ్ ఉంది, బిడ్డను పోగొట్టుకున్న ఆ పిల్ల ఉంది. ఎటూ కదలలేక కూర్చోవడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం జిల్లా అధికారి వచ్చాడు. సికందర్ మేంబరునీ, ఇంకొందరు పెద్దల్నీ కంపెనీ గెస్ట్‌హౌస్‌లోకి పిలిచారు. గేదెపాల పెరుగుతో భోజనాలయ్యాయి. మేంబరు బయటికి వచ్చి, కమిటీ వేస్తున్నారనీ, ఆసుపత్రి సంగతి పైకి రాస్తారనీ, పారిశ్రామికవాడ పని త్వరలోనే మొదలవుతుందనీ, మనం గెలిచామనీ చెప్పాడు.

"ఇళ్లకు గ్యాసో?" అని అడిగింది కుల్సుమ్.

"అది దేశం మొత్తానికి ఒకటే పాలసీ చాచీ. మనకోసం మార్చరు గదా."

చాపలు ఎత్తారు. లారీలు వరసగా కదిలాయి. వాటి వెనక దుమ్ములో ఆడవాళ్లు గిన్నెలు ఏరుకున్నారు.

గాజీపూర్‌లో ఆ లైను మళ్లీ తెరవలేదు. గ్యాస్ తిరిగొచ్చినా తెరవలేదు. అసలు అంతకుముందు నుంచే యజమాని దాన్ని మూసేద్దామని చూస్తున్నాడనీ, భోలా ఆడవాళ్ల పేరు అతనికి సాకుగా అచ్చొచ్చిందనీ తర్వాత ఎవరో చెప్పారు. మొతాలేబ్ పరుపు చుట్టుకుని ఇంటికి వచ్చాడు. మైఫూల్ నీళ్లు తోడింది, అన్నం పెట్టింది, చేప ముల్లు తీసి పెట్టింది. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎవరో తెలీదన్న మనిషి చేతి వంట ఎలా ఉందని అడగాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

కొన్ని నెలలకు సికందర్ మేంబరు కొత్త మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. కంపెనీకి కాపలావాళ్లను పెట్టే గుత్త ఇప్పుడు అతనిదే. వాకిట్లో కూర్చుని తమలపాకు వేసుకుంటూ అన్నాడు:

"మొతాలేబ్ భాయ్, గేటు దగ్గర పని ఉంది. స్థానికులకే ఇవ్వాలని నేనే పట్టుబట్టాను. ఒక్కటే, మా భాభీ గారు మళ్లీ రోడ్డెక్కకూడదని పైవాళ్ల మాట. నాదేం లేదు."

మొతాలేబ్ పెళ్లాం వంక చూడకుండా నేల వంక చూస్తున్నాడు. మైఫూల్ అతన్నే చూస్తోంది. మనిషి ఎండిపోయాడు. మళ్లీ వ్యాను తొక్కుదామంటే మోకాళ్లు సహకరించడం లేదు. ఝర్నా వచ్చే ఏడు మెట్రిక్ రాయాలి.

"నేను ఎక్కను మేంబరు సాహెబ్. మళ్లీ నన్ను కూర్చోమని చెప్పడానికి మీరు రాకండి చాలు" అంది.

మేంబరు పకపకా నవ్వాడు. "అమ్మో, భాభీ నోరు!"

మొతాలేబ్ నీలం చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడుతున్నాడు. తమ తోట ఒకప్పుడు మొదలయ్యే చోటే ఆ గేటు. లారీ వచ్చినప్పుడల్లా అడ్డకర్ర పైకెత్తి, వెళ్లాక దించుతాడు.

చలికాలంలో పక్క ఊరివాళ్లు మళ్లీ రోడ్డు మీద కూర్చున్నారు. కుల్సుమ్ వచ్చి పిలిచింది. మైఫూల్ గడప దాటలేదు. "పో బూ, నువ్వు పో. నన్ను ఏమైనా అను, పడతాను" అంది. కుల్సుమ్ ఏమీ అనలేదు. అదే ఆమెకు కష్టంగా తోచింది. పోలీసులు ఈసారి ఆడవాళ్లని కూడా చూడకుండా లాఠీలు ఝుళిపించారు. మధ్యాహ్నానికల్లా రోడ్డు ఖాళీ అయింది. కుల్సుమ్ చెయ్యి వాచి ఇంటికొచ్చింది. మైఫూల్ ఉప్పు వేడిచేసి కాపడం పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె వంటకని ఎండు పోకమట్టలు ఏరి మోపు కట్టుకుని వస్తోంది. వెనకనుంచి లారీలు వచ్చాయి. రోడ్డు ఇరుకు. "కాస్త పక్కకి జరగవమ్మా" అని డ్రైవరు మర్యాదగానే కేకేశాడు. ఆమె నెత్తిన మోపుతోనే పక్క వరిచేలోని బురదలోకి దిగి, అన్నీ వెళ్లేదాకా నిలబడింది.