తూము కింద చోడి చేను

చింతపల్లి ఘాట్ రోడ్డును వెడల్పు చేసిన మరుసటి ఏడు, తొంభైల చివర్లో, వాననీటిని రోడ్డు శాఖ ఎంత బాగా మళ్లిస్తోందో చూసి మార్కులు వేసే పనిలో చేరాను. చూడాల్సింది కొంచెమే. పక్క కాలువలు పూడాయా, తూముల్లో చెత్త అడ్డుపడిందా, తారు మీద నీళ్లు నిలుస్తున్నాయా. ఆ లెక్కన అది మంచి రోడ్డు. జోరువానలో కూడా జీపులు ఆగేవి కావు.

ఒకరోజు ఒక తూము చూడ్డానికి దిగితే, కింద చేనులోంచి ఒకావిడ పిలిచింది. ఆ వాలులో ఆమె, భర్త చోళ్లు, అంటే రాగులు, పండించుకునేవారు. ఇదివరకు కొండంతా పరుచుకుని పారే నీటిని ఇప్పుడు కాలువలు పోగుచేసి, తూములోంచి ఆ చేను మీదికి వదులుతున్నాయి. నడిమధ్య మనిషి దిగేంత గండి పడింది.

"ఏటి బాబూ, నీరంతా మా మీదికే ఒగ్గేసినారు? మేమెక్కడికెల్లాల?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

మా ఇంజనీరుగారిని తీసుకొచ్చాను. ఆయన ప్యాంటు మడిచి గండిలోకి దిగి చూశారు.

"తూము నోటి నుంచి కింద పారే గెడ్డ దాకా రాతి మెట్లు కట్టాలి. కానీ ఇది మన హద్దు కాదు" అన్నారు.

"మార్కులైనా తగ్గిద్దామా సార్?"

"దేని కింద తగ్గిస్తావు? తూము శుభ్రంగా ఉంది. రోడ్డు పొడిగా ఉంది. మనల్ని చూడమన్నది అంతవరకే."

అయినా చేను సంగతి పైకి విడిగా రాశారు. జవాబు రాలేదు.

సెలవురోజున వెళ్లి, ఆ ఇద్దరితో కలిసి గండికి అడ్డంగా రాళ్లు పేర్చాను. చిన్న వానలకు నిలిచాయి. మాకు ఆశ పుట్టింది. తుఫాను వానకు రాళ్లూ మట్టీ కలిసి గెడ్డలోకి పోయాయి. చేనులో బండ తేలింది.

"ఇంక ఒగ్గేయండి బాబూ. మీరు మాత్రం ఏటి సేత్తారు" అన్నాడు ఆమె భర్త.

మళ్లీ ఏడాది అక్కడ ఎవరూ విత్తలేదు. ఆ ఇద్దరూ కాఫీ తోటల్లో కూలికి పోయారని విన్నాను. చాన్నాళ్లకు సంతలో ఆమె కనిపించింది.

"బాబూ, మా సేనుకాడ మట్టేమైనా మిగిలిందా?"

లేదన్నాను. తలూపి, ఉప్పు కొనడానికి వెళ్లిపోయింది.