పసుపు కింది దూడ

మాదేశ్ ఏ గోడను చూసినా ముందు దాని తప్పులే కంటబడతాయి. ఎక్కడ పుట్టీ ఉబ్బింది, ఎక్కడ చెమ్మ కక్కుతోంది, ఎక్కడ పనివాడు బద్ధకించి ఎమరీ కాగితం పైపైన ఆడించాడు, అన్నీ గడప దాటకముందే చెప్పేస్తాడు. అతని తండ్రి చిక్కణ్ణ తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల ఇళ్ళకు సున్నాలు కొట్టి బతికినవాడు. పాత సున్నం రాతి దాకా గోకనిదే కొడుకును కుంచె ముట్టుకోనిచ్చేవాడు కాదు. గోకడం మాదేశ్‌కు అలా ఒంటికి పట్టింది. గోడల దగ్గర అది పనికొచ్చింది. మనుషుల దగ్గర పనికిరాలేదు. ముప్పైనాలుగేళ్ళు వచ్చినా అతనికి ఆ తేడా తెలియలేదు.

చిత్రకళ చదివి డిగ్రీతో ఊరికి వచ్చాడు. ఆ డిగ్రీని ఏం చేసుకోవాలో ఊరికీ తెలియలేదు, అతనికీ తెలియలేదు. చివరికి ఊరి బయటి ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా ఒక క్లాసు దొరికింది. బొమ్మలు వేయడం కాదు, చూడడం నేర్పాలి. అదీ బొమ్మల ఊసే అక్కరలేని బీకాం మూడో సంవత్సరం వాళ్ళకు, శుక్రవారం మధ్యాహ్నం, తిన్న అన్నం కళ్ళ మీదికి వచ్చే వేళకు. సెలవుల్లో అతను ఇప్పటికీ తండ్రి మనుషులతో పరంజా ఎక్కుతాడు. వారంలో ఆ ఒక్క గంట ఉంది కాబట్టే తక్కినదంతా ఓర్చుకుంటున్నాడు.

ఆ గంటలో అతను చేసేది ఒక్కటే. తెర మీద ఒక బొమ్మ వేస్తాడు. పది నిమిషాలు ఎవరూ నోరు తెరవకూడదు, ఫోను తీయకూడదు. తర్వాత చూసింది రాయాలి. అనుకున్నది కాదు, విన్నది కాదు, చూసింది. నలభైరెండు మందిలో పదిమంది నిద్రపోయేవాళ్ళు. మిగతావాళ్ళు బల్ల కింద వేరే సబ్జెక్టు రాసుకునేవాళ్ళు. ముందు బెంచీ శక్తివేల్ ఒకసారి లేచి, ఈ బొమ్మ బ్యాంకు పరీక్షలో వస్తుందా సార్ అని అడిగాడు.

“రాదు,” అన్నాడు మాదేశ్. “నీకు బ్యాంకు ఉద్యోగమూ రాదు. కూర్చో.”

క్లాసు నవ్వింది. నవ్వాక, తమలో ఎవరికైనా ఆ మాట తగలొచ్చని అర్థమై ఆగిపోయింది. ఆ రోజు నుంచి వాళ్ళకు అతనంటే విసుగు పోయి పగ మొదలైంది. అతనికీ వాళ్ళంటే అదే.

అందరికంటే ఎక్కువ పగ వినోదినికి. పిక్కిలి అనే పల్లె వైపు అమ్మాయి. పొద్దున రెండావుల పాలు పితికి, పేడ తీసి, బస్సెక్కి వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కాలు పెడితే తమిళం. క్లాసులో కోపం వస్తే మాత్రం తనలో తాను తెలుగులో గొణుక్కునేది. ఆ గదిలో ఎవరికీ అర్థం కాదని ధీమా. “సున్నం మింగిన మొగమూ వీడూ” అని మొదటి నెలలోనే అనేసింది. మాదేశ్ ఇంట్లోనూ తెలుగే. విన్నాడు, విననట్టు ఊరుకున్నాడు. తన గురించి ఏమనుకుంటున్నారో ఉచితంగా తెలుస్తుంటే చెడగొట్టుకోవడం దేనికి అనుకున్నాడు.

ఆ టర్మ్‌లో పది మార్కులకు ఒక పని ఇచ్చాడు. మీ ఇంటి దగ్గర చెక్కినదో, గీసినదో ఒకటి చూసి, వర్ణించి, ఫొటో జతచేయండి అని. వినోదిని తమ చేలో ఉన్న వేడియప్పన్ రాయి గురించి రాసింది. ఎప్పుడో ఆవుల మందను కాపాడబోయి చచ్చినవాడి గుర్తుగా నిలబెట్టిన వీరగల్లు అది. ఇప్పుడు ఆ ఇంటికి దేవుడు. చేతిలో విల్లూ కత్తీ, కాళ్ళ దగ్గర రెండావులు, రెండో ఆవు పొదుగు కింద పాలు తాగుతున్న దూడ అని వరసగా రాసింది. జతచేసిన ఫొటోలో మాత్రం పసుపు ముద్ద తప్ప ఏమీ లేదు. ఆముదం, పసుపు, మసి ఏళ్ళ తరబడి పేరుకుని రాయి బొంతలా ఉంది. మనిషి ఆకారం లీలగా తెలుస్తోంది, అంతే. మాదేశ్ ఫొటోను ఫోనులో పెద్దది చేసి చేసి వెతికాడు. ఎర్ర పెన్నుతో ‘చూడనిది రాయకు. దూడ ఎక్కడ?’ అని రాసి సున్నా వేశాడు.

ఆమె కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. దూడ ఉంది సార్ అంది. నువ్వు కళ్ళతో చూశావా అని అడిగాడు. చూడలేదు, కానీ ఉంది అంది. చూడకుండా ఉందనుకోవడానికి గుడి ఉంది, ఇది క్లాసు అన్నాడు మాదేశ్ అందరికీ వినపడేలా. ఆ ఏడాదిలో మొదటిసారి క్లాసంతా అతని పక్షాన నవ్వింది. ఆ నవ్వు అతనికి బాగుంది కూడా. ఆమె కాగితం అతని బల్ల మీదే వదిలేసి పోయింది.

మరుసటి సోమవారానికి వినోదిని చేతిలో ఒక లెటరు తయారైంది. బొమ్మల క్లాసు తీసేసి, దాని బదులు కంప్యూటరులో అకౌంట్స్ నేర్పించాలని ప్రిన్సిపాల్‌కు మనవి. బుధవారానికి ముప్పైఎనిమిది సంతకాలు పడ్డాయి. ప్రిన్సిపాల్ అన్బళగన్ మాదేశ్‌ను వరండాలోనే ఆపి, సగం క్లాసు సంతకంతో లెటరు నా బల్ల మీదికి వస్తే నేను ఆపలేను, క్లాసు లేకపోతే కాలేజీలో నీకు వేరే పనీ లేదు అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంకొకడైతే మెత్తబడేవాడు. మాదేశ్ మొండికేశాడు. దూడ లేదని నలభైరెండు మంది ముందు చూపిస్తే ఆ లెటరు రాసిన చేతికి విలువ ఉండదనుకున్నాడు. గురువారం సాయంత్రం బండి మీద పిక్కిలి దారి పట్టి, చేలో ఎవరూ లేని వేళ చూసి, రెండు బకెట్ల నీళ్ళు తోడి, కొబ్బరి పీచుతో ఆ రాయిని రుద్దాడు. పసుపు పొరలు పొరలుగా ఊడివచ్చింది. తండ్రి నేర్పిన పనే. రాయి దాకా గోకాడు. మనిషి బయటపడ్డాడు, విల్లు, కత్తి, నడుముకు కట్టిన గుడ్డ మడతలు. చెక్కినవాడి చేతికి మాదేశ్ మనసులోనే దండం పెట్టుకున్నాడు. కింద రెండు ఆవులు. రెండో ఆవు కింద ఏమీ లేదు. కాస్త అరిగిన రాయి, అంతే. తడి రాతి మీద ఫోను టార్చి పక్కల నుంచి వేసి కూడా చూశాడు. లేదు. సంతోషంగా ఇంటికి పోయాడు.

శుక్రవారం కాలేజీ బస్సులో అందరినీ తీసుకొచ్చాడు. గట్టు మీద వరసగా నడుస్తుంటే వినోదిని దూరం నుంచే రాయిని చూసి నిలబడిపోయింది. పసుపు లేని ఆ నల్లటి రాయి ఆమె పుట్టాక ఎప్పుడూ చూడనిది. అలవాటు ప్రకారం తెలుగులో, తనలో తానే అంది:

“మా సామిని గుడ్డలిప్పి నిలబెట్టినాడు.”

“బొమ్మ కనబడల్లనే కడిగినాను,” అన్నాడు మాదేశ్, తెలుగులోనే.

ఆమె తిరిగి చూసింది. ముందు ఆశ్చర్యం, తర్వాత ఏడాదిగా తాను గొణిగినవన్నీ గుర్తుకొచ్చిన సిగ్గు. ఆ రెండూ ఎంతోసేపు నిలవలేదు.

“తెలీనోడివి అనుకున్నా,” అంది. మీరు, సార్ అన్నీ పోయాయి. “మనోడివై ఉండి చేసినావా?”

అప్పటిదాకా మాదేశ్‌కు తాను తప్పు చేసినట్టు అనిపించలేదు. తమ ఇంటి దేవుడి రాయికి కూడా తన తల్లి ఆముదం రాయడం, పరాయివాళ్ళను నాలుగడుగుల దూరంలో నిలబెట్టడం ఇప్పుడు గుర్తొచ్చాయి. చదువుకు పోయినప్పటి నుంచి వాటిని తలుచుకోలేదు. ఇంతలో మేకలను అటు వదిలేసి సరసమ్మ కట్టె పట్టుకుని వచ్చేసింది. వినోదిని అవ్వ. ఆ రాయికి పసుపు పెట్టే చెయ్యి ఆ ఇంట్లో ఆమెది.

సరసమ్మ తిట్టిన తిట్లలో సగం తెలుగు, సగం తమిళం. తమిళం తిట్లకు శక్తివేల్ నవ్వాడు. వాడికీ రెండు పడ్డాయి. ఫోను ఎత్తి వీడియో తీయబోయిన పిల్ల చేతి మీద కట్టె ఆడింది. చెప్పులతో గట్టెక్కినవాళ్ళంతా దిగి చెప్పులు విడిచారు. తర్వాత ముసలామె మాదేశ్ ఎదురుగా వచ్చి నిలబడింది.

“అంత కడిగినావు గదా, ఏమి కనిపించిందప్పా నీకు?”

“మనిషి, విల్లు, కత్తి. రెండావులు.”

“అంతేనా?”

“అంతే అవ్వా. దూడ లేదు.”

“కంటికి లేదు. చెయ్యి పెట్టినావా?”

పెట్టలేదు. పీచు పెట్టాడు, టార్చి పెట్టాడు. ఒట్టి చెయ్యి పెట్టలేదు. సరసమ్మ మనవరాలిని ఇంటికి తరిమి ఆముదం సీసా, పసుపు పొట్లం తెప్పించింది. గుడ్డ విప్పినోడే మళ్ళా కట్టల్ల అంది. ఇంత జరిగాక కాదనే ధైర్యం అతనికి లేదు. చొక్కా చేతులు మడిచి, క్లాసంతా చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

తల నుంచి మొదలుపెట్టించింది. భుజాలకు, విల్లుకు, కత్తికి ఆముదం పోసి అరచేత్తో దిగలాగమంది. తొందరపడితే కట్టె కొనతో వీపు మీద పొడిచింది. ఆవుల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకోమంది. అతను మూసుకున్నాడు. మొదటి ఆవు, దాని మెడ గంట. రెండో ఆవు, దాని పొదుగు. పొదుగు కింద, ఏమీ లేదని రెండుసార్లు రూఢి చేసుకున్న చోట, నూనె చెయ్యి ఒక చిన్న ఎత్తు మీద జారింది. గింజంత మందం. వేళ్ళతో వెనక్కి పోతే వీపు, కిందికి వంగిన తోక. ముందుకు వస్తే పైకి చాచిన మెడ. ముట్టె పొదుగును తాకుతోంది.

అతను కళ్ళు తెరిచాడు. రాయి రాయిలాగే ఉంది. మళ్ళీ మూసుకున్నాడు. దూడ ఉంది.

అది అలా ఎందుకు అరిగిందో సరసమ్మ చెప్పింది, అతనికి కాదు, పిల్లలకు. ఆవు ఈనలేక అవస్థ పడితే ఆ ఇంటి ఆడది చేతిలో ఆముదంతో ఇక్కడికి వస్తుంది. ముందు దూడను రుద్ది, అదే చేత్తో పోయి ఆవు కడుపు నిమురుతుంది. తాను చేసింది, తన అత్త చేసింది, ఆ అత్తకు అత్త చేసింది. అన్ని చేతులు అడిగి అడిగి దూడను అరగదీశాయి. మిగిలింది ఆ కాస్త.

“నీ పీచుతో ఇంకొక మూడు దినాలు రుద్దింటే అదీ పోయుండును,” అంది.

ఎవరూ నవ్వలేదు. తర్వాత చెయ్యి పెడతామన్నవాళ్ళు పదిహేడు మంది. సరసమ్మ వాళ్ళ ఉంగరాలు తీయించి, చేతులు కడిగించి ఒక్కొక్కరినే రానిచ్చింది. మిగతావాళ్ళు ఎండలో విసుక్కుంటూ బస్సు వైపు పోయారు. శక్తివేల్ చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. వెనక పిల్ల తోసేదాకా.

సోమవారం అన్బళగన్ ఇద్దరినీ తన గదికి పిలిచాడు. రాయి సంగతి అప్పటికే అతని చెవిన పడింది. ఊరివాళ్ళ దేవుణ్ణి కడిగినందుకు ఫిర్యాదు రాసిస్తావా అని వినోదినిని అడిగాడు. మా అవ్వ ఇచ్చిన శిక్ష చాలు, కాలేజీ వేరేగా ఇవ్వనక్కరలేదు అందామె. మాదేశ్ జేబులోంచి ఆమె పాత కాగితం తీశాడు. సున్నా కొట్టేసి తొమ్మిది వేసి, ‘చూడనిది నేను’ అని కింద రాసి, ప్రిన్సిపాల్ చూస్తుండగానే ఆమె ముందు పెట్టాడు.

“ఒక మార్కు ఎందుకు తగ్గించినావు?” అంది తెలుగులో.

“చేత్తో తెలిసిందని రాయలేదు గదా నువ్వు. రాసింటే నేను పీచెత్తుకొని పోయేవాణ్ణే కాదు.”

ఆమె ఆ మాటను తూచింది. కాదనలేదు. బ్యాగులోంచి లెటరు తీసి అన్బళగన్ బల్ల మీద పెట్టింది. ముప్పైఎనిమిది సంతకాలూ ఉన్నాయి, మొదటిది ఆమెదే. మార్కు చూసి ఆపుతుందని మాదేశ్ లోలోపల అనుకోకపోలేదు. మార్కు కోసం ఆపిందని ఎవరూ అనకూడదు కాబట్టే ఇస్తున్నానని ఆమె తమిళంలో స్పష్టంగా చెప్పింది.

సరే, టర్మ్ అయ్యాక క్లాసు తీసేద్దాం అన్నాడు అన్బళగన్, లెటరు మడుస్తూ.

మాకు తీసేయండి అంది వినోదిని. ఎలాగూ మాది చివరి టర్మ్. ఏడాదంతా మేము పడ్డాం, జూనియర్లు ఎందుకు తప్పించుకోవాలి? వాళ్ళనూ పడనివ్వండి. పైగా ఈయనకు చూడడం ఇప్పుడిప్పుడే వస్తోంది, మధ్యలో ఆపితే ఇంతకాలం మేము పడిందంతా వృథా.

అన్బళగన్‌కు ఆమె ఎగతాళి చేస్తోందో, నిజంగా అంటోందో తెలియలేదు. లెటరులో జూనియర్ల మాట లేదు, కొత్త మనిషిని వెతికే ఓపిక తనకు లేదు. ఇంకొక ఏడాది చూద్దాం అన్నాడు.

మాదేశ్ ఇప్పటికీ ఆ క్లాసు చెబుతున్నాడు. పిల్లలకు ఇప్పటికీ నచ్చడు, మాట మెత్తబడలేదు. ప్రతి బ్యాచ్‌నూ ఒకసారి పిక్కిలి దారికి తీసుకుపోతాడు, ముందే కబురు చేసి, ఆముదం సీసా తనే కొనుక్కుని. సరసమ్మ ఏనాడూ రమ్మని పిలవలేదు, పొమ్మనీ అనలేదు. గట్టు మీద కట్టె ఆనించి కూర్చుని, వరసగా వస్తున్న తలలను లెక్కపెడుతుంది.

“ఈసారి ఎందరప్పా?”

“నలభైనాలుగు.”

“చేతులు కడిగించినావా?”

“కడిగించినాను.”

“నీవి?”

మాదేశ్ చెంబు అందుకుని మళ్ళీ కడుక్కుంటాడు.