మునిగినవాడు మళ్లీ కనిపించిన నాటకం

"నాకు అర్థం కాలేదు" అని ఆ రోజు ఒప్పుకోకపోవడమే నా తప్పు.

రెండు వేల నాలుగులో భద్రాచలం దగ్గరి ఒక పల్లెలో ఇంగ్లిష్ టీచరుగా ఉండేవాణ్ని. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పాత అమెరికా టీవీ నాటకాల డీవీడీలు వేసేవారు. నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాణ్ని.

మొదటి వారం నాటకంలో ఒక కొడుకు నదిలో మునిగి చనిపోయాడు. రెండో వారం అదే మనిషి కొట్టు నడుపుతూ కనిపించాడు.

"సారూ, గీయన సచ్చిండు గద?" అంది మరియమ్మ.

ఆ ఇంగ్లిష్ నాకు సగమే అందింది. అందరి ముందు పరువు పోతుందని, "అవ్, బతికి ఒడ్డుకొచ్చిండు" అనేశాను.

మరియమ్మ కొడుకు గోదావరి వరదలో కొట్టుకుపోయి రెండేళ్లు. శవం దొరకలేదు. అతి కష్టం మీద జ్ఞాపకార్థ కూడికకు ఒప్పుకున్న ఆమె, మర్నాడే వద్దంది.

"ఏంది సారూ మీరు చెప్పింది? అత్త మళ్ల గడపల కూసోని కొడుకొస్తడని తొవ్వ జూస్తున్నది" అని కోడలు నన్ను నిలదీసింది.

అప్పుడు డీవీడీ అట్ట చదివాను. ఏ వారం కథ ఆ వారమే, నటులు మాత్రం మళ్లీ మళ్లీ వస్తారట. నా మీద నాకే ఒళ్లు మండింది.

తర్వాతి ఆదివారం అందరి ముందు నా అబద్ధం ఒప్పుకున్నాను. నటుడొక్కడే గానీ, మునిగినవాడు, కొట్టువాడు వేరు వేరు మనుషులని చెప్పాను.

"గట్లయితే మొదటాయన రానట్టేనా సారూ?" అని మరియమ్మ అడిగింది.

"రాడమ్మా."

ఆమె లేచి వెళ్లిపోయింది. నెల తర్వాత కూడిక పెట్టింది. పొద్దున్నే వెళ్లి కుర్చీలు వేశాను. ఆ తర్వాత నాటకంలో అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా, అర్థం కాలేదనే చెప్పాను.